గాదె తాళం చూసి గింజను మెచ్చుకుంటారా?

మన విశ్వవిద్యాలయాల సైకాలజీ విభాగాల్లో ఒక అభిప్రాయం చాలాకాలంగా పాతుకుపోయింది. స్కాలర్ తెచ్చిన పేపర్ ఎవరైనా ఉచితంగా చదువుకోగల పత్రికలో వచ్చిందని తెలిస్తే గైడ్ మొహం చిట్లిస్తారు. ‘ఓపెన్ యాక్సెసా? డబ్బు కడితే వేసేస్తారుగా!’ అంటారు. అదే పేపర్ చందా కడితే గాని తెరుచుకోని పత్రికలో వస్తే, లోపల ఏముందో చూడకుండానే భుజం తడతారు. సెలక్షన్ కమిటీల్లో ఇదే కొలమానం. ప్రమోషన్ ఫైళ్ళలోనూ ఇదే.

ఈ అభిప్రాయానికి దన్నుగా నాలుగు వాదాలు వినిపిస్తాయి. చందా పత్రికల్లో వడపోత గట్టిగా ఉంటుందన్నది మొదటిది. ఉచిత పత్రికల్లో సగం దొంగ పత్రికలేనన్నది రెండోది. కేంద్ర ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ తెచ్చాక ఇక ఓపెన్ యాక్సెస్ గొడవే అక్కర్లేదన్నది మూడోది. మనసు జబ్బుల పరిశోధనలు అందరి చేతుల్లో పెడితే అనర్థమన్నది నాలుగోది. వినడానికి నాలుగూ సబబుగానే ఉంటాయి. కానీ ఈ శాస్త్రం గత పదిహేనేళ్ళలో ఎక్కడ తలవంచుకుందో, ఎక్కడ తేరుకుందో గమనించినవారు వీటిని ఒప్పుకోలేరు.

మొదటి వాదం నుంచే మొదలుపెడదాం.

2011లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డారిల్ బెమ్ ఒక పేపర్ ప్రచురించాడు. జరగబోయేదాన్ని మనుషులు ముందే పసిగట్టగలరని తొమ్మిది ప్రయోగాలతో, వెయ్యిమందికి పైగా మనుషుల మీద తేల్చానన్నాడు. అది అచ్చయింది ఊరూపేరూ లేని పత్రికలో కాదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నడిపే ‘జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీ’లో. సోషల్ సైకాలజీ చదివేవాళ్ళు కళ్ళకద్దుకునే పత్రిక అది. అతీంద్రియ శక్తుల పరిశోధన తెలుగువాళ్ళకు కొత్తదేమీ కాదు. అమెరికా పారాసైకాలజిస్టు జె.బి.రైన్‌తో కలిసి పనిచేసిన కోనేరు రామకృష్ణారావు విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, 1960లలోనే సైకాలజీ, పారాసైకాలజీ విభాగానికి పునాది వేశారు. అలాంటి విషయం మీద పరిశోధన చేయవచ్చా అన్న పేచీ ఇక్కడ లేదు. చేసినవాడి ఫలితం తప్పయితే దాన్ని సరిచూసి చెప్పే చోటు ఉందా అన్నదే అసలు ప్రశ్న.

సరిచూసినవాళ్ళు ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన స్టువర్ట్ రిచీ, రిచర్డ్ వైజ్‌మన్, క్రిస్ ఫ్రెంచ్ బెమ్ ప్రయోగాల్లో ఒకదాన్ని మూడుసార్లు, మూడు చోట్ల తిరిగి చేశారు. ఒక్కసారి కూడా ఫలితం రాలేదు. బెమ్ పేపర్ వేసిన పత్రికకే తమ పేపర్ పంపారు. పాత ప్రయోగాలను తిరగచేసిన పేపర్లు తాము వేయమంటూ, కనీసం సమీక్షకులకు కూడా పంపకుండా ఆ పత్రిక తిప్పి పంపింది. చివరికి 2012లో ఆ పేపర్ వెలుగు చూసింది ‘ప్లాస్ వన్’లో. 2006లో మొదలైన, ఎవరైనా ఉచితంగా చదువుకోగల పత్రిక అది. మరో బృందం చేసిన పునఃప్రయోగాలను ఆ పెద్ద పత్రిక కూడా అదే ఏడాది వేసిన మాట నిజమే. అప్పటికి రచ్చ వీధికెక్కింది.

ఇంకో ఉదాహరణ. ముసలితనాన్ని గుర్తుచేసే మాటలు చదివినవాళ్ళు తెలియకుండానే నెమ్మదిగా నడుస్తారని జాన్ బార్గ్ బృందం 1996లో అదే పత్రికలో రాసింది. పాఠ్యపుస్తకాలన్నీ ఆ కథను ఎక్కించుకున్నాయి. మన పీజీ విద్యార్థులూ దాన్ని పరీక్షల్లో రాశారు. 2012లో బ్రస్సెల్స్ పరిశోధకులు స్టీఫన్ డోయెన్ బృందం స్టాప్‌వాచ్‌కు బదులు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లతో నడక వేగం కొలిచారు. నెమ్మదించడం కనిపించలేదు. ప్రయోగం చేయించేవాళ్ళకు ‘వీళ్ళు నెమ్మదిగా నడుస్తారు’ అని ముందే చెప్పి ఉంచినప్పుడు మాత్రం ఆ ఫలితం కనిపించింది. ఈ పేపర్ కూడా ప్లాస్ వన్‌లోనే వచ్చింది. బార్గ్ దానికి ఇచ్చిన జవాబులో ఒక భాగం పత్రిక మీద ఎద్దేవా: డబ్బు తీసుకుని, సరైన నిపుణుల పరిశీలన లేకుండా వేసేస్తారని. మన విభాగాల్లో వినిపించే మాటకు, పేరున్న ఆ ఆచార్యుడి మాటకు పెద్ద తేడా లేదు. ఆ ఎద్దేవాలో సెన్సర్ లెక్కలకు మాత్రం జవాబు లేదు.

ఇవి ఏరుకొచ్చిన రెండు ఉదాహరణలే అనుకుంటే, మొత్తం బస్తాను తూచిన లెక్క కూడా ఉంది. 2008లో మూడు అగ్రశ్రేణి సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను 270 మంది పరిశోధకులు కలిసి తిరగచేశారు. మూడూ చందా పత్రికలే. మూల పేపర్లలో 97 శాతం ‘ఫలితం వచ్చింది’ అని చెప్పుకున్నవి. తిరగచేస్తే గణాంకపరంగా నిలబడినవి 36 శాతం. 2015లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. వాటి వెనకున్న డేటాను కూడా ఎవరైనా చూసుకునేలా బయట పెట్టారు. ఇక నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ ఆచార్యుడు డీడరిక్ స్టాపెల్ సంగతి చెప్పనక్కర్లేదు. చేయని ప్రయోగాలకు అంకెలు అల్లిన ఆయన పేపర్లు 58 వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వాటిలో ‘సైన్స్’ పత్రికలో వచ్చినదీ ఉంది. సంవత్సరాల తరబడి ఆ పేపర్లు దాటి వచ్చింది ఈ ‘గట్టి వడపోత’నే.

ఈ వడపోత గట్టిదనాన్ని సైకాలజిస్టులే ఒకసారి పరీక్షించారు. డగ్లస్ పీటర్స్, స్టీఫన్ సెసీ పేరున్న సైకాలజీ పత్రికల్లో అప్పటికే అచ్చయిన 12 పేపర్లు తీసుకున్నారు. రచయితల పేర్లు, సంస్థల పేర్లు మార్చి, ఎవరూ వినని కల్పిత సంస్థల పేర్లు పెట్టి, వాటిని వేసిన పత్రికలకే మళ్ళీ పంపారు. ఇవి తమ సరుకేనని మూడు పత్రికలు మాత్రం పోల్చుకున్నాయి. మిగిలిన తొమ్మిదింటిలో ఎనిమిదిని తిరస్కరించారు. తిరస్కరణకు చెప్పిన కారణాల్లో పద్ధతిలో తీవ్రమైన లోపాలున్నాయన్నదీ ఒకటి. పెద్ద విశ్వవిద్యాలయం పేరుతో వెళ్ళినప్పుడు కనబడని లోపాలు, అనామక సంస్థ పేరుతో వెళ్తే కనబడ్డాయన్నమాట. 1982లో ప్రచురితమైన ఈ అధ్యయనం మన జిల్లా కళాశాలల అధ్యాపకులకు ఒక పాత అనుమానాన్ని ధ్రువపరుస్తుంది.

తాళం వేయడం వల్లే ఈ తప్పులు పుట్టాయని ఎవరూ అనడం లేదు. తాళం వాటిని ఆపలేకపోయిందని, బయటపడ్డాక కూడా కొన్నిసార్లు అడ్డం పడిందని చెప్పడమే ఇక్కడ ఉద్దేశం.

రెండో వాదంలో నిజం పాలు ఎక్కువ. దాన్ని దాచనక్కర్లేదు, పైగా తెలుగు పాఠకుల దగ్గర అసలే దాచలేం. ప్రపంచంలో దొంగ పత్రికల ప్రస్తావన వస్తే మొదట వినిపించే పేర్లలో ఒకటి హైదరాబాద్ కేంద్రంగా పెరిగిన ఒమిక్స్ సంస్థ. నిపుణుల సమీక్ష జరగకుండానే జరిగినట్టు చెప్పారని, రుసుముల సంగతి ముందుగా చెప్పలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు ఆ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది.

అయితే ఈ కలుపు ఎవరి నీళ్ళతో పెరిగింది? పేపర్ల సంఖ్యను బట్టి అధ్యాపకులకు మార్కులు వేసే పద్ధతిని యూజీసీ 2010లో తెచ్చింది. థీసిస్ సమర్పించాలంటే ముందు ఒక పేపర్ అచ్చయి ఉండాలన్న నియమం 2022 దాకా నడిచింది. గిరాకీ అలా పుట్టింది. సరుకు దానంతట అదే వచ్చింది. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచే 4,305 పత్రికలను తొలగించుకోవలసి వచ్చింది. తర్వాత తెచ్చిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో అదే యూజీసీ రద్దు చేసింది. ఈ కథలో తప్పు ‘ఉచితంగా చదువుకోవడం’ది ఎలా అవుతుంది? ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తారా?

ఓపెన్ యాక్సెస్ వ్యతిరేకులు తరచు చూపించే ‘స్టింగ్’ ఒకటుంది. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి కావాలని ఘోరమైన తప్పులు పెట్టిన కల్పిత పేపర్‌ను ‘సైన్స్’ పత్రిక తరఫున 304 ఓపెన్ యాక్సెస్ పత్రికలకు పంపాడు. 157 ఒప్పుకున్నాయి, 98 కాదన్నాయి. ఈ అంకెలు చెప్పేవాళ్ళు మూడు సంగతులు మింగేస్తారు. ప్లాస్ వన్ దాన్ని తిరస్కరించింది. ఒప్పుకున్నవాటిలో ఎల్సెవియర్, సేజ్, వోల్టర్స్ క్లూవర్ వంటి మహా సంస్థల గొడుగు కిందున్న పత్రికలున్నాయి. అన్నిటికీ మించి, ఒక్క చందా పత్రికకు కూడా ఆ పేపర్ పంపలేదు. ‘ఎ’ సెక్షన్‌కు పరీక్ష పెట్టి ‘బి’ సెక్షన్ పాసయిందని ప్రకటించడం లాంటిదిది. పెద్ద కంపెనీ ముద్ర ఉంటే మోసం ఉండదనుకునేవారికి మరో సంగతి: మందుల కంపెనీల సొమ్ముతో, పరిశోధన పత్రికల్లా కనిపించే ఆరు ప్రచురణలను ఆస్ట్రేలియాలో తమ శాఖే నడిపిందని ఎల్సెవియర్ 2009లో ఒప్పుకుంది.

నిజమైన అభ్యంతరం ఒకటి మిగిలి ఉంది. దాన్ని ఓపెన్ యాక్సెస్ అభిమానులు కూడా గట్టిగా చెప్పాలి. చదివేవాడి వాకిట్లో తీసేసిన తాళాన్ని కొన్ని సంస్థలు రాసేవాడి వాకిట్లో వేశాయి. ‘నేచర్’ పత్రికలో పేపర్‌ను అందరికీ ఉచితం చేయాలంటే 9,500 యూరోలని 2020లో ప్రకటించారు. నెలకు 37,000 రూపాయల జేఆర్ఎఫ్ తీసుకునే మన స్కాలర్‌కు అది దాదాపు రెండేళ్ళ ఫెలోషిప్. ఇలాంటి వ్యాపారం నాణ్యతనూ తింటుంది. వైలీ కొనుక్కున్న హిందావి సంస్థ పత్రికల నుంచి 2023 ఒక్క ఏడాదిలో 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మెదడు చిత్రాల పరిశోధనకు పేరుపొందిన ‘న్యూరోఇమేజ్’ సంపాదకులు నలభైమందికి పైగా మూకుమ్మడిగా రాజీనామా చేశారు. ఒక్కో పేపర్‌కు 3,450 డాలర్లు వసూలు చేయడం అన్యాయమని, తగ్గించమని అడిగితే ఎల్సెవియర్ వినలేదని వాళ్ళ ఫిర్యాదు. వాళ్ళు ఊరుకోలేదు. ఎంఐటీ ప్రెస్‌తో కలిసి ‘ఇమేజింగ్ న్యూరోసైన్స్’ అనే మరో ఓపెన్ యాక్సెస్ పత్రిక పెట్టుకున్నారు.

చదివేవాడి దగ్గరా రాసేవాడి దగ్గరా పైసా తీసుకోని పత్రికలు నడవవన్నది మరో అపోహ. దాన్ని కాదని చూపింది సైకాలజీయే. వరల్డ్ వైడ్ వెబ్ ఇంకా జనంలోకి రాని 1990లోనే స్టీవన్ హర్నాడ్ ‘సైకలోక్వీ’ అనే పత్రికను సమీక్షతో సహా ఇంటర్నెట్‌లో ఉచితంగా నడిపాడు. దానికి వెన్నుదన్ను అమెరికన్ సైకలాజికల్ అసోసియేషనే. ‘జడ్జ్‌మెంట్ అండ్ డెసిషన్ మేకింగ్’ పత్రికను జొనాథన్ బేరన్ 2006 నుంచి ఏళ్ళ తరబడి దాదాపు ఒంటిచేత్తో, పేజీల కూర్పు పనితో సహా, రెండు వైపులా ఉచితంగానే నడిపించాడు. నిర్ణయాల మనస్తత్వం చదివేవాళ్ళెవరూ ఆ పత్రికను చిన్నచూపు చూడరు.

మరి చందాల సొమ్ము ఎటు పోతోంది? పరిశోధకుడి జీతం ఎక్కువ సందర్భాల్లో ప్రజలది. పేపర్ రాసినందుకు అతనికి దమ్మిడీ రాదు. సమీక్షించినవాళ్ళకూ రాదు. 2010లో ఎల్సెవియర్ రాబడి రెండు వందల కోట్ల పౌండ్లకు కాస్త ఎక్కువైతే, అందులో 36 శాతం లాభం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన సామెత ఇక్కడ ఇంకో మెట్టు ఎక్కింది: దానం పుచ్చుకున్నవాడు అదే సొమ్మును అత్తకు మళ్ళీ అమ్ముతున్నాడు.

ఆ అమ్మకం తాజా రసీదే మూడో వాదం. 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు 30 ప్రచురణ సంస్థలకు వెళ్తాయి. బదులుగా 6,300 పైచిలుకు ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లోని దాదాపు 1.8 కోట్ల మందికి 13,000 పత్రికలు అందుబాటులోకి వస్తాయి. అప్పటిదాకా ఏమీ అందని ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికి ఇది పెద్ద మేలే, కాదనకూడదు. కానీ సైకాలజీ పట్టా చేతికొచ్చి గేటు దాటిన రోజు ఏమవుతుంది? గుంటూరులో సొంత క్లినిక్ పెట్టుకున్న క్లినికల్ సైకాలజిస్టు, కరీంనగర్ ప్రైవేటు బడిలో కౌన్సెలర్, స్వచ్ఛంద సంస్థలో ఆత్మహత్యల నివారణకు ఫోన్ ఎత్తే కార్యకర్త ఈ 1.8 కోట్లలో లేరు. ప్రైవేటు కళాశాల అధ్యాపకుడూ లేడు. వీళ్ళకు ఒక్కో వ్యాసం 30, 40 డాలర్లు, అంటే రెండున్నర వేల రూపాయల పైమాటే. రోగిని చూసేది వీళ్ళు. తాజా పరిశోధన ముందుగా అందవలసింది వీళ్ళకే. పైగా చందా అంటే అద్దె. కట్టడం ఆపిన రోజు తలుపు మూతపడుతుంది. 6,000 కోట్లు పోసినా మూడేళ్ళ తర్వాత ఆ పత్రికల మీద మనకు శాశ్వతమైన హక్కు వస్తుందన్న భరోసా చందా అన్న మాటలోనే లేదు.

సామాన్యుడు చదివితే ప్రమాదమన్న నాలుగో వాదం వినడానికి రోగుల మీద జాలిలా ఉంటుంది. పిల్లల వేలిముద్రలు తీసుకుని వాళ్ళ తెలివితేటలు, పనికొచ్చే కోర్సు చెబుతామంటూ డీఎంఐటీ అనే పరీక్షను తల్లిదండ్రులకు వేల రూపాయలకు అమ్ముతున్నారు. ఆ బ్రోషర్లు ఉచితంగానే ఇంటికి వస్తాయి. ఆ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ చెప్పింది. తండ్రి నిలబడి ఆలోచించాలంటే ఈ రెండో కాగితం కూడా అతనికి దొరకాలి. ఆ సొసైటీ నడిపే ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ’, దాని దక్షిణ భారత శాఖ నడిపే ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకలాజికల్ మెడిసిన్’ రెండూ ఓపెన్ యాక్సెస్ పత్రికలే. మన విభాగాల్లో చిన్నచూపుకు గురయ్యేవీ ఇలాంటివే. చందా పత్రికలు మన మనుషుల గురించి ఎంత చెబుతాయో 2008లో జెఫ్రీ ఆర్నెట్ లెక్క తీశాడు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఆరు అగ్రశ్రేణి పత్రికల అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 96 శాతం పాశ్చాత్య సంపన్న సమాజాల వాళ్ళు. ప్రపంచ జనాభాలో ఆ సమాజాల వాటా 12 శాతం.

తాళం వ్యాసాలతో ఆగదు, రోగి ముందు పెట్టే ప్రశ్నపత్రం దాకా పాకుతుంది. మతిమరుపు జబ్బును అంచనా వేసే ఎంఎంఎస్ఈ అనే పరీక్ష 1975లో వచ్చింది. పాతికేళ్ళపాటు ప్రపంచమంతా వైద్యులు దాన్ని జేబులో పెట్టుకు తిరిగారు. 2001లో దాని హక్కులు ఒక ప్రైవేటు ప్రచురణ సంస్థ చేతికి వెళ్ళాక, వాడినప్పుడల్లా వెల కట్టాల్సిన సరుకైంది. అదే 2001లో కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 మీద కీలకమైన పేపర్ వచ్చింది. ఫైజర్ కంపెనీ సొమ్ముతో తయారైన ఆ పరీక్షను మాత్రం అనుమతి అడగకుండా, పైసా కట్టకుండా ఎవరైనా వాడుకోవచ్చు. దాని తెలుగు రూపమూ ఉంది.

దానివల్ల ఏం జరిగిందో పశ్చిమ గోదావరి జిల్లాలో చూడొచ్చు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పల్లబ్ మౌలిక్ బృందం అక్కడి 30 ఊళ్ళలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చింది. ఇంటింటికీ వెళ్ళి పీహెచ్‌క్యూ-9 లాంటి ప్రశ్నలు అడగడం వాళ్ళ పని. 5,007 మందిని పరీక్షిస్తే 238 మందికి సాయం అవసరమని తేలింది. అంతకుముందు వాళ్ళలో వైద్యం కోసం వెళ్ళినవాళ్ళు 0.8 శాతం. కార్యక్రమం తర్వాత 12.6 శాతం. వైద్యం అవసరమైనవాళ్ళలో 70 నుంచి 92 శాతం దాకా దాన్ని అందుకోలేకపోతున్నారని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చెప్పిన దేశంలో ఇది చిన్న కదలికేమీ కాదు.

గైడ్లు, సెలక్షన్ కమిటీ సభ్యులు చేయవలసింది కష్టమైన పనే గాని కొత్త పని కాదు: పత్రిక పేరు పక్కన పెట్టి పేపర్ చదవడం. నమూనా ఎంత, డేటా బయట పెట్టారా, ఎవరైనా తిరగచేసి చూశారా అని అడగడం. స్కాలర్ల పని ఇంకా తేలిక. చందా పత్రికలో పేపర్ వచ్చినా, ఆమోదం పొందిన రాతప్రతిని సైఆర్కైవ్ లాంటి ఉచిత ఆన్‌లైన్ నిల్వలో పెట్టుకోవడానికి చాలా పత్రికలు ఒప్పుకుంటాయి. 2016 నుంచి అది సైకాలజీ కోసమే తెరిచి ఉంది. మన థీసిస్‌లు శోధ్‌గంగలో ఇప్పటికే అందరికీ కనబడుతున్నాయి. థీసిస్ విషయంలో రాని సంకోచం దానిలోంచి తీసిన పేపర్ విషయంలో ఎందుకో గైడ్లే చెప్పాలి.

పశ్చిమ గోదావరి పేపర్ 2017లో ‘జర్నల్ ఆఫ్ గ్లోబల్ హెల్త్’ అనే ఓపెన్ యాక్సెస్ పత్రికలో వచ్చింది. ఆ ఊళ్ళలో ట్యాబ్లెట్ పట్టుకుని తిరిగిన ఆశా కార్యకర్త గానీ, ఆమె ప్రశ్నలకు జవాబిచ్చిన రైతు కొడుకు గానీ ఈ రోజు తెరిచినా అది పూర్తిగా తెరుచుకుంటుంది.